గార పళ్ళు బిడ్డ తప్పు కాదు



దర్శి ప్రాంతంలోని ఒక ఊరిలో సండేస్కూలు పిల్లలచేత కంఠత వాక్యములు చెప్పిస్తున్నాము. తొమ్మిదేళ్ళ పాప ఒకతె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చెప్పింది. చెయ్యి తియ్యమన్నాము. ముందు పళ్ళమీద పసుపు, గోధుమరంగు చారలు. "పళ్ళు తోముకోవా అమ్మా?" అని అందరి ఎదుట అడిగాము. తరువాత రెండు ఆదివారములు ఆ బిడ్డ రాలేదు.

ఇంటికి వెళ్ళితే తల్లి, "కొట్టినా ఆ గార పోవటంలేదు అయ్యగారూ, ఇటుకపొడితో కూడా రుద్దించాను" అన్నది. పాప మాత్రం, "రోజూ తోముకుంటున్నా" అని ఏడ్చింది. ఆమె చెప్పినదే నిజము. తప్పు మాది.

ఆ చారలు తోమనందువలన వచ్చినవి కావు, నీటిలోని ఫ్లోరైడు వలన వచ్చినవి. ఈ వ్యాధిని గూర్చి 1937లో వైద్యులు వ్రాసినది నాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూచియే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు మన దర్శి ఆ జిల్లాలోనిదే. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది. 1.5 మించితే ఆ నీరు త్రాగరాదు.

ముందు వచ్చే శాశ్వత దంతములపై పింగాణి పొర, బిడ్డ పుట్టినది మొదలు నాలుగైదేళ్ళ వరకు చిగురు లోపలే తయారవుతుంది. మూడేళ్ళ బిడ్డ నేడు త్రాగిన బోరునీరు ఏడెనిమిదేళ్ళకు పంటిమీద కనబడుతుంది. ఆ మచ్చ ఎంత రుద్దినా పోదు. ఇటుకపొడి, బొగ్గు పంటినే అరగదీస్తాయి. నీరు కాచినా ఫ్లోరైడు పోదు. గనుక మీ ఊరి నీటిని పరీక్ష చేయించండి. ఫ్లోరైడు ఎక్కువగా ఉంటే చిన్నబిడ్డలకు త్రాగుటకు, వంటకు వేరే మంచినీరే వాడండి.

అయితే తోమటం దండుగ అనుకోవద్దు. మచ్చ నీటివలన వస్తే, పుచ్చు తీపివలన వస్తుంది. పుచ్చును తోమటం ఆపగలదు. పాలపళ్ళు ఎట్లాగూ ఊడేవేగదా అనవద్దు. అవి పుచ్చితే బిడ్డ అన్నం నమలలేడు, రాత్రి నిద్రపోడు.

మొదటి పన్ను కనబడినప్పటినుండి తడిగుడ్డతో గాని, చిన్న మెత్తని బ్రష్షుతో గాని శుభ్రం చేయండి.  మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, తరువాత బఠాణీగింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మివేయటం నేర్పండి. ఫ్లోరైడు నీరున్న ఊళ్ళలో ఏ పేస్టు వాడాలో దంతవైద్యుని అడగండి. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చవద్దు.

పత్తితీతలకు, మిరపకోతలకు తెల్లవారకముందే వెళ్ళే తల్లులకు ఉదయం తీరిక ఉండదు. రాత్రి అన్నం తిన్నాక బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని మీరే తోమండి. ఏడెనిమిదేళ్ళ వరకు బిడ్డ చేతికి మీ చెయ్యి తోడుండాలి. మీరు ప్రక్కన నిలిచి తోముకుంటే వేరే పాఠం అక్కరలేదు.

మేము ఆ పాపను క్షమించమని అడిగాము. మరుసటి ఆదివారం వచ్చింది, చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే వాక్యం చెప్పింది. ఇప్పుడు ఇంటిలో మూడేళ్ళ తమ్మునికి బ్రష్షు పట్టుకోవటం నేర్పుతున్నది ఆ పాపే. వాళ్ళమ్మ త్రాగేనీటి బిందెను వేరుగా, మూతపెట్టి ఉంచుతున్నది.