2022 జనవరిలో విదేశాల నుంచి వచ్చినవారికి ఏడు రోజులేనా? మిగతా ఏడు ఎక్కడికి పోయాయి?



సంక్రాంతికి వచ్చిన అమెరికా బాబాయి, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన నాన్న, పిన్ని పురుడుకు వెళ్లి తిరిగొచ్చిన అమ్మమ్మ... 2022 జనవరిలో మన పిల్లల ఇళ్లలో ఎన్నో రాకలు. "టెస్టు నెగెటివ్ వచ్చింది కదండీ, పిల్లల్ని దగ్గరికి వెళ్లనివ్వొచ్చా?" అని అప్పట్లో చాలామంది అడిగారు. వెంటనే వద్దన్నాం. ఎందుకో చూద్దాం.

అప్పటి నిబంధనలు ఏమిటి?

2022 జనవరి 11 నుంచి ఏ దేశం నుంచి వచ్చినా 7 రోజులు హోమ్ క్వారంటైన్ తప్పనిసరి చేశారు. ప్రయాణానికి ముందు 72 గంటల లోపు చేయించిన ఆర్టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టును ఎయిర్ సువిధ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాల్సి ఉండేది. బ్రిటన్, దక్షిణాఫ్రికా వంటి 'ఎట్ రిస్క్' దేశాల నుంచి వచ్చేవారికి ఎయిర్‌పోర్టులోనే మరో టెస్టు ఉండేది. ఎక్కడి నుంచి వచ్చినా ఎనిమిదో రోజున మళ్లీ టెస్టు చేయించుకోవాల్సి ఉండేది. నెగెటివ్ వస్తే మరో 7 రోజులు తమ ఆరోగ్యాన్ని తామే గమనించుకోవాల్సి ఉండేది. ఐదేళ్ల లోపు పిల్లలకు లక్షణాలు లేకుంటే టెస్టుల నుంచి మినహాయింపు ఉండేది.

నెగెటివ్ వచ్చాక కూడా ఎందుకు ఆగాల్సి వచ్చింది?

వైరస్ ఒంట్లోకి చేరిన రోజే టెస్టులో కనపడదు. అది పెరగడానికి కొన్ని రోజులు పడుతుంది. పైగా టెస్టు చేయించుకున్నాక కూడా విమానాశ్రయంలోనో, విమానంలోనో సోకవచ్చు. లక్షణాలు బయటపడడానికి 14 రోజుల వరకు పట్టవచ్చు.

అందుకే 2020 మే నెల నిబంధనల్లో 7 రోజులు సొంత ఖర్చుతో క్వారంటైన్ కేంద్రంలో, మరో 7 రోజులు ఇంట్లో అన్నారు. గర్భిణులకు, పదేళ్ల లోపు పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం 14 రోజులూ ఇంట్లోనే ఉండే వీలు కల్పించారు. 2022 జనవరి లెక్క కూడా 7, 7 కలిపి 14 రోజులే. కాకపోతే 2020లో కాపలా కాసింది అధికారులు, 2022లో కాయవలసి వచ్చింది మనం.

ఇంట్లో ఏం చేయమన్నాం?

వచ్చినవారికి గాలి, వెలుతురు ఉన్న వేరే గది ఇవ్వమన్నాం. వీలైతే బాత్‌రూమ్ కూడా విడిగా ఉండాలన్నాం. భోజనం గది గుమ్మం దగ్గర పెట్టమన్నాం. తాతయ్య, నానమ్మలకు బీపీ, షుగర్ ఉంటే మరింత జాగ్రత్త అవసరమన్నాం. పిల్లలకు ముందే చెప్పమన్నాం: "అమ్మమ్మకు నీ మీద కోపం లేదు, ఎనిమిదో రోజు టెస్టు కోసం ఆగుతోంది." ఈలోగా గుమ్మం ఇవతలి నుంచి, వీడియో కాల్‌లో కబుర్లు చెప్పుకోనివ్వమన్నాం.

బడికి చెప్పడానికి జంకవద్దన్నాం

మొదటి వేవ్‌లో ఇళ్ల తలుపులకు నోటీసులు అంటించిన రోజులు ఎవరూ మరచిపోలేదు. నలుగురూ ఏమనుకుంటారోనని రాక సంగతి దాచాలనిపించడం సహజమే. కానీ క్లాసులో మీ బిడ్డ పక్కన కూర్చునే పిల్లల ఇళ్లలోనూ పెద్దవాళ్లు ఉన్నారు. అందుకే క్లాస్ టీచర్‌కు ఒక్క ఫోన్ చేయమన్నాం. మీరు చెప్పిన విషయం గోప్యంగానే ఉంటుందన్నాం. ఎనిమిదో రోజు రిపోర్టు వచ్చేదాకా బాబునో పాపనో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చదివించమన్నాం.

ఏడు రోజుల ఓపిక తర్వాత తెచ్చిన చాక్లెట్లు ఎలాగూ పిల్లలవే!