పర్సుడీహ్: శూన్యాంత వర్ణశ్రేణిలో ఒక స్థలనామము

జంషెడ్‌పూరున టాటానగర్ రైల్వే స్టేషనుకు సమీపమున పర్సుడీహ్ అను పేట కలదు. ఈ పేరు తెలుగు లిపిలో ప, ర్సు, డీ, హ్ అను నాలుగక్షరములు. కంప్యూటరు లెక్క వేరు. యూనికోడున హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరు సంకేతములగుటచే ఇవి తొమ్మిది. యూటీఎఫ్-8 రూపమున తెలుగు సంకేతమొక్కటికి 3 బైట్లు, వెరసి 27. రోమను లిపిలో ఇదే పేరు 8 బైట్లతో ముగియును. నాగరిలో సాధారణముగ వ్రాయు రూపమునకు 21 బైట్లు చాలును. పలుకున ర, హలు హలంతములైనను అచ్చట పొల్లు వ్రాయరు. తెలుగున వ్రాయక తప్పదు. ఆ రెండు పొల్లులకే ఆరు బైట్లు అధికమైనవి.

సీ ప్లస్ ప్లస్ భాషలోని స్ట్రింగు తన పొడవును తనతోనే ఉంచుకొనును. 1970 దశకారంభమున బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ నిర్మించిన సీ భాషలో, క్యారెక్టర్ అర్రే అనబడు వర్ణశ్రేణికి అట్టి లెక్క లేదు. సున్న విలువగల బైటు కనబడుచోటనే మాట ముగిసినట్లు. కావున పర్సుడీహ్‌కు వలయు స్థలము 27 కాదు, 28. స్ట్ర్‌లెన్ ఆ చివరి సున్నను లెక్కింపదు గనుక పలువురు ఇచ్చటనే పొరబడుదురు. సీ_స్ట్ర్ అను ప్రమేయము శూన్యాంత రూపమును చూపును గాని ప్రతి తీయదు. మూలపు స్ట్రింగు మారినను, నశించినను ఆ చిరునామాను నమ్మరాదు. నిలువ చేయవలెనన్న వేరు శ్రేణిలోనికి ప్రతి తీయవలెను.

1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్‌లు కల్పించిన యూటీఎఫ్-8లో ఏ తెలుగు సంకేతమునందును సున్న బైటు రాదు. యూటీఎఫ్-16లో మాటల నడిమి ఖాళీయందే ఒక సున్న బైటు కలదు. దానిని బైట్ల శ్రేణిగ చదివినచో "టాటానగర్ స్టేషను" అనునది ఆ ఖాళీకడనే తెగిపోవును.

శ్రేణి చిన్నదైనప్పుడు గల చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. 20 బైట్ల శ్రేణికి స్ట్ర్‌ఎన్‌కాపీతో 20 బైట్లును నింపినచో అంతమున సున్నయే ఉండదు. 19 నింపి సున్న చేర్చినచో "పర్సుడ" తరువాత దీర్ఘపు గుర్తులో మూడవవంతు మిగులును. తెరపై అది వికృతముగ కనబడును గాన తప్పు పట్టుబడును. 16 బైట్ల శ్రేణిలో మిగులునది సరిగా "పర్సు". బైట్ల పరీక్ష దానిని నిర్దోషమనును. పేట కాస్త డబ్బుసంచి యైనది!

అన్నిటికంటె మోసకరమైనది 27 బైట్ల శ్రేణి. సున్నకు ఒకటి పోగా 26 మిగులును. జాగరూకుడైన ప్రోగ్రామరు సంకేతము విరుగకుండుటకై 128 మొదలు 191 వరకు విలువగల అనుబంధ బైట్లను దాటి వెనుకకు జరిగి, ఆ సంకేతపు తొలి బైటునకు ముందే, అనగా 24 బైట్లకడ, ఆపును. అప్పుడు పోవునది తుది పొల్లు మాత్రమే. "పర్సుడీహ" అను అజంతరూపము నిలుచును. నాగరి వ్రాతను చూచి తెలుగువారట్లు వ్రాసిరని స్థలనామ పరిశోధకుడు తలచినను ఆశ్చర్యము లేదు. పొడవును ముందే సరిచూచి, చాలనిచో ప్రతి తీయుటను నిరాకరించు కార్యక్రమమునకు ఈ రూపము పుట్టించు అవకాశమే ఉండదు.