హైబీమ్ వెనక బండి ఏది? రేడియోనే చెప్పాలి!

రాత్రిపూట ఎదురుగా హైబీమ్ వేసుకుని బండి వస్తే మీకేం కనిపిస్తుంది? లైటు తప్ప ఏమీ ఉండదు. అది కారో, లారీయో చెప్పలేం. క్వేజార్లతో ఖగోళ శాస్త్రవేత్తలకూ ఇదే చిక్కు. గెలాక్సీ నడిమధ్య భారీ కృష్ణబిలం చుట్టూ వాయువు సుడులు తిరుగుతూ, వేడెక్కి వెలిగిపోతుంటే అదే క్వేజార్. ఆ వెలుగులో గెలాక్సీ కాస్తా మరుగునపడిపోతుంది.

అందుకే రేడియో టెలిస్కోపులు. నక్షత్రాలకు ముడిసరుకైన చల్లటి వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది తనదైన తరంగదైర్ఘ్యాల్లో సంకేతాలిస్తుంది. అక్కడ క్వేజార్ మెరుపు అడ్డురాదు.

బరువు తూచారిలా..

జే1148+5251 అనే క్వేజార్‌నే తీసుకోండి. విశ్వం వయసు సుమారు 87 కోట్ల ఏళ్లప్పటిది. అక్కడ 0.87 మిల్లీమీటర్లతో బయల్దేరిన తరంగం, విశ్వం వ్యాకోచించడంతో 7.4 రెట్లు సాగి 6.4 మిల్లీమీటర్లుగా మనకు చేరింది. 2003లో అమెరికాలోని వీఎల్‌ఏ టెలిస్కోపు దాన్ని పట్టింది. లెక్కేస్తే, వాయువే సుమారు 2 వేల కోట్ల సూర్యుళ్లంత!

అసలు తిరకాసు ఇక్కడే. మన దగ్గరి గెలాక్సీల్లో కృష్ణబిలం బరువు, నడిమి నక్షత్రాల గుంపు బరువులో వెయ్యో వంతుకు అటూ ఇటూ. ఇక్కడేమో కృష్ణబిలం దాదాపు 300 కోట్ల సూర్యుళ్లంత ఉంటే, గెలాక్సీ మధ్యభాగం 5 వేల కోట్ల సూర్యుళ్లంతే. మరి కృష్ణబిలం ముందా, గెలాక్సీ ముందా?

తర్వాత చిలీలోని 66 యాంటెన్నాల ఆల్మాతో వెలుగు తక్కువున్న క్వేజార్లనూ చూశారు. వాటిలో ఈ తేడా బాగా తగ్గింది. అంటే, ముందు కంటపడ్డవి బాగా మెరిసేవే కాబట్టి లెక్క ఒకవైపు మొగ్గి ఉండొచ్చు. తేలాలంటే ఇంకా ఎన్నో గెలాక్సీలను తూచాలి.

మీరేం చేయొచ్చు?

ఆల్మా డేటా సాధారణంగా ఏడాది తర్వాత అందరికీ ఉచితం. దాన్ని విశ్లేషించే కాసా సాఫ్ట్‌వేరూ ఉచితమే. పైథాన్ వస్తే సగం పని అయినట్టే. ఫిజిక్స్‌వాళ్లే కాదు, సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసిన ఈసీఈ, కోడింగ్ వచ్చిన సీఎస్ఈ విద్యార్థులూ ఇక్కడ కావాలి. పుణెలోని ఎన్‌సీఆర్‌ఏ, దగ్గర్లో అది నడిపే 30 యాంటెన్నాల జీఎంఆర్‌టీ మన దేశంలో ఈ విద్యకు పెద్దబడి. జీఎంఆర్‌టీ వినేది పొడవాటి తరంగాలనే అయినా, చాలా యాంటెన్నాలను కలిపి ఒక్క చిత్రం తీసే సూత్రం ఒక్కటే. బెంగళూరులోని ఐఐఏలో పీహెచ్‌డీకి జెస్ట్ స్కోరు పనికొస్తుంది.

ఈ సెలవుల్లో ఒక క్వేజార్ డేటా దించుకుని చూడండి. ఆ హైబీమ్ వెనకున్న బండేదో మీ లాప్‌టాప్‌లోనే తేలొచ్చు.