ఇంటిల్లిపాదీ చూసి రావచ్చు

ఊళ్ళు చూడడం డబ్బున్నవాళ్ళ పని అని చాలామంది అనుకుంటారు. కూలికి పోతేగానీ పొయ్యి వెలగని ఇంట్లో ఆ మాట ఎత్తడానికే భయం. ఒకరోజు పని మానితే ఆ రోజు కూలి పోతుంది. పైగా బస్సు చార్జీలు, హోటల్ తిండి, పిల్లలకు బొమ్మలు. అందుకే పక్కనే ఉన్న కొండను కూడా చూడకుండా ఏళ్ళు గడిచిపోతాయి. ఆడవాళ్ళ సంగతి మరీను. పుట్టిల్లు, అత్తిల్లు, పొలం, ఆసుపత్రి. చాలామంది చూసింది ఇంతే.

చూడదగినవన్నీ దూరాన ఉండవు. తాడేపల్లినే తీసుకోండి. ఇది గుంటూరు జిల్లాలో కృష్ణానది ఒడ్డున ఉంది. ఏరు దాటితే విజయవాడ. ఇక్కడివాళ్ళు పూటలో వెళ్ళి రాగల చోట్లు మూడు ఉన్నాయి.

ప్రకాశం బ్యారేజి

ఇది సీతానగరం దగ్గర ఉంది. పొడవు కిలోమీటరుకు పైమాటే. 70 గేట్లు ఉన్నాయి. ఇదివరకు ఇక్కడ 1855లో పూర్తయిన ఆనకట్ట ఉండేది. 1952లో దానికి గండి పడింది. ఆ తర్వాత ఈ బ్యారేజి కట్టారు. 1957లో పూర్తయింది. ఆంధ్రరాష్ట్రం మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు.

ఇక్కడ ఆగిన నీరు రెండువైపులా కాలువల్లోకి మళ్ళుతుంది. కృష్ణా డెల్టా పొలాలకు పోతుంది. నాట్లు వేసేటప్పుడు కాళ్ళ కింద ఉండే నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో పిల్లలకు చూపించవచ్చు.

ఒక్క జాగ్రత్త. గేట్లు ఎత్తితే కిందివైపు నీరు ఉన్నట్టుండి పెరుగుతుంది. అక్కడ ఏట్లోకి దిగకూడదు. పిల్లల చెయ్యి వదలకూడదు.

ఉండవల్లి గుహలు

తాడేపల్లి పక్కనే ఉండవల్లి. సుమారు 1500 ఏళ్ళ కిందట ఇక్కడ కొండను తొలిచి నాలుగు అంతస్తులు చేశారు. ఇటుక లేదు, సున్నం లేదు. ఉలితో చెక్కిందే అంతా. లోపల పాము పడక మీద పవళించిన అనంతపద్మనాభస్వామి విగ్రహం ఉంది. చాలా పెద్దది. అదీ ఆ కొండ రాయిలో చెక్కిందే.

ఇది కేంద్ర పురావస్తు శాఖ చూసుకునే చోటు. పెద్దవాళ్ళకు టికెట్ 25 రూపాయలు. 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు వెళితే 50 రూపాయలు చాలు. ఎండాకాలం రాయి కాలుతుంది. పొద్దున్నే వెళ్ళడం మంచిది.

మంగళగిరి

కొండ మీద పానకాల నరసింహస్వామి గుడి ఉంది. స్వామికి బెల్లం పానకం నైవేద్యం. కొండ కింద లక్ష్మీనరసింహస్వామి గుడి. దాని గాలిగోపురానికి 11 అంతస్తులు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు 200 ఏళ్ళ కిందట కట్టించారు.

ఈ ఊరు నేతకు పేరుమోసింది. చీర కొనకపోయినా ఫరవాలేదు. నేతవారిని అడిగి, వాళ్ళు సరే అంటే, గుంటమగ్గం మీద నేత చూడవచ్చు. ఒక చీర వెనక ఎంత పని ఉందో తెలుస్తుంది.

ఖర్చు ఎలా తగ్గుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. కండక్టర్ సున్నా టికెట్ ఇస్తారు. అది తప్పక తీసుకోవాలి.

పులిహోర, పెరుగన్నం, మంచినీళ్ళు ఇంటినుంచే పట్టుకెళితే హోటల్ ఖర్చు ఉండదు. పని లేని రోజు చూసుకుంటే కూలి పోదు. మూడూ ఒకేరోజు చూడాలని పరుగు పెట్టవద్దు. నెలకు ఒకటి చాలు.

బయలుదేరే ముందు ఖర్చు కాగితం మీద రాసుకోండి. బస్సు మీది ఊరి పేరు, టికెట్ మీది ధర, గుడి దగ్గరి బోర్డు మీరే చదవండి. ఇంకొకరిని అడిగే పని లేకుండా వెళ్ళి రావడంలో ఉన్న ధైర్యం వేరు.

మీరూ రాయండి

1. మీ ఊరికి దగ్గరలో చూడదగిన చోట్లు ఏవి?
2. అక్కడికి ఏ బస్సు వెళుతుంది?
3. మీ ఇంట్లో అందరూ వెళితే ఎంత అవుతుంది? లెక్క వేయండి.
4. మీ ఇంట్లో ఇంతవరకూ ఏ ఊరూ చూడనివారు ఎవరు? ముందు వాళ్ళ పేరు రాయండి.