ఇంటి కంప్యూటరులో ఫోటోలు: ఎక్కించడమెలా, కాపాడుకోవడమెలా?

మన ఇళ్ళలో ఫోటోలు మూడు రకాలుగా ఉన్నాయి. గోడకు వేలాడే తాతముత్తాతల పటాలు మొదటివి. ఇనుప బీరువాలోనో, బిస్కెట్ల డబ్బాలోనో దాచిన కాగితపు ఫోటోలు రెండవవి. సెల్‌ఫోనులో వేలకువేలుగా పేరుకొనిపోయి, తీసిన మరునాటి నుండి ఎవరూ తిరిగి చూడనివి మూడవవి. ఈ మూడింటిలో ఎక్కువ ప్రమాదంలో ఉన్నవి కొత్తవేనని చెబితే మన పెద్దలలో కొందరు నమ్మరు. గోడ మీది పటం వెలిసిపోవడానికి యాభై ఏళ్ళు పడుతుంది. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ తీరంలో ఫోను చేయి జారి నీళ్ళలో పడడానికి అరక్షణం చాలును. దానితోపాటే మనవడి అన్నప్రాశన, నానమ్మ చివరి ఉగాది, ఊరి మందిరంలో జరిగిన రామభజన, అన్నీ పోతాయి.

మారిషస్‌లో మన కుటుంబాలకు ఫోటోలంటే ఇంత ఆపేక్ష ఎందుకో కొత్త తరం పిల్లలకు ఒక మాట చెప్పవలసి ఉన్నది. 1834 తరువాత ఒప్పందం మీద ఈ దీవికి వచ్చిన మనవారిలో చాలామంది మొదటి ఫోటో స్టూడియోలో ముచ్చటపడి తీయించుకొన్నది కాదు. 1860ల నుండి పోర్ట్ లూయీలోని ఇమ్మిగ్రేషన్ డిపోలో కూలీల ఫోటోలు తీయసాగారు. 1867 నాటి చట్టం, ఒప్పందం తీరిన "పాత వలసదారులు" కూడా ఫోటో అంటించిన టిక్కెట్టును ఎల్లవేళలా వెంట ఉంచుకోవాలని శాసించింది. అది లేక పోలీసుల చేతికి చిక్కినవారి బాధలు ఇన్నీ అన్నీ కావు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ పూనికతో 9,401 మంది పాత వలసదారులు సంతకాలు చేసి గవర్నరుకు సమర్పించిన అర్జీలో ఈ టిక్కెట్టు బాధ కూడా ఉన్నది. దాని ఫలితంగానే 1872లో రాయల్ కమిషన్ విచారణకు వచ్చింది.

ఆ టిక్కెట్లు మన ఇళ్ళలో ఎన్ని మిగిలాయి? బహు తక్కువ. పూరి ఇళ్ళలో, రేకుల ఇళ్ళలో, ఎస్టేటు క్యాంపులలో దాచుకొన్న కాగితాలు ఎంతకాలం నిలుస్తాయి? 1960 జనవరిలో అలిక్స్, ఆ వెంటనే ఫిబ్రవరిలో కారోల్ తుఫాను, 1975లో జెర్వేజ్ వచ్చి పోయాయి. కాని డిపో రిజిస్టర్లు వేరొక చోట ఉండడం చేత నిలిచాయి. అవి ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 2015లో యునెస్కో వారు ఆ వలస దస్తావేజులను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు. ఆ ఫోటోలు తీసినవారికి మనమీద ప్రేమ ఏమీ లేదు, లెక్క కోసం తీశారు. అయినా ఈనాడు ఎవరైనా ముత్తాతగారి ముఖం చూడగలుగుతున్నారంటే దానికి కారణం ఒక్కటే: ప్రతి ఇంట్లోనే కాక మరొక చోట కూడా అది భద్రంగా ఉండడం. ఇక మేము చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఫోను నుండి కంప్యూటరుకు ఎక్కించే పద్ధతి. మనవాళ్ళలో చాలామంది ఒక ఫోటోను తమ వాట్సాప్‌కే తామే పంపుకొని, దానిని కంప్యూటరులో తెరచి దాచుకొంటున్నారు. ఇది మంచి పద్ధతి కాదు. వాట్సాప్ మామూలుగా ఫోటోను కుదించి పంపుతుంది. ఫోను తెరమీద తేడా కనిపించదు గాని, రేపు పెద్దదిగా అచ్చు వేయించి గోడకు తగిలించాలంటే ముఖాలు మసకబారి కనిపిస్తాయి. తప్పనిసరి అయితే ఫోటోగా కాక "డాక్యుమెంటు"గా పంపితే అసలుది అసలుగా వెళుతుంది.

సరైన దారి కేబులే. ఆండ్రాయిడ్ ఫోనును కేబులుతో కంప్యూటరుకు తగిలించగానే అది కేవలం చార్జింగుకే సిద్ధపడుతుంది. ఫోను తెరను పైనుండి కిందికి లాగి, అక్కడ కనిపించే సూచనలో "ఫైల్ ట్రాన్స్‌ఫర్" అన్నది ఎంచుకోవాలి. అప్పుడు కంప్యూటరులో ఫోను పేరు కనిపిస్తుంది. లోపల "డీ.సీ.ఐ.ఎమ్." అనే ఫోల్డరు, దానిలో "కెమెరా" అనే ఫోల్డరు ఉంటాయి. మీరు తీసినవి అక్కడే ఉన్నాయి. ఇతరులు పంపినవి వాట్సాప్ ఫోల్డరులో వేరుగా ఉంటాయి, వాటిని మరచిపోరాదు. పెళ్ళిలో మనం భోజనాల దగ్గర హడావుడి పడుతూ ఉంటే మంచి ఫోటోలు తీసేది ఎప్పుడూ పిన్నిగారి అబ్బాయే గదా!

ఐఫోను అయితే కేబులు తగిలించినప్పుడు "ఈ కంప్యూటరును నమ్మవచ్చునా" అని అడుగుతుంది. ఫోను తాళం తీసి, నమ్మవచ్చునని ఒప్పుకొంటే గాని లోపలి ఫోటోలు కనిపించవు. ఐఫోనులో మరొక చిక్కు ఉన్నది. ఫోనులో చోటు మిగిల్చేందుకు "ఆప్టిమైజ్ స్టోరేజ్" అనే ఏర్పాటు పెట్టుకొన్నవారికి, చోటు తగ్గినప్పుడు ఫోనులో చిన్న నకలు మాత్రమే మిగిలి అసలు ఫోటో ఐక్లౌడ్‌లో ఉంటుంది. అట్టివారు ఐక్లౌడ్ నుండే అసలువి దించుకోవాలి. కేబులు ద్వారా వచ్చినవాటిని చూసి అన్నీ వచ్చాయనుకోరాదు.

ఎక్కించేటప్పుడు పాటించవలసిన నియమం: "కట్" వద్దు, "కాపీ" చేయండి. కట్ చేసి తరలిస్తున్నప్పుడు మధ్యలో కేబులు కదిలినా, కరెంటు పోయినా, ఏది చేరిందో ఏది చేరలేదో తేల్చుకోవడం కష్టం. కాపీ పూర్తయిన తరువాత ఫోనులోని లెక్కను, కంప్యూటరులోని లెక్కను సరిచూడండి. అక్కడ 1,240 ఉంటే ఇక్కడా 1,240 ఉండాలి. అక్కడొకటి ఇక్కడొకటి తెరచి చూడండి. వీడియోలు చివరివరకు నడుస్తున్నవో లేదో చూడండి. ఫోనులో చెరపడం అప్పుడు కూడా వద్దు. కింద చెప్పబోయే మరొక నకలు తయారైన తరువాతనే.

కంప్యూటరులో పెట్టేటప్పుడు "కొత్త ఫోల్డరు", "కొత్త ఫోల్డరు 2" అని వదలివేయక, ఏడాదిని ముందు పెట్టి పేరు రాయండి: 2024-04-09 ఉగాది, 2023-12 చెల్లెలి పెళ్ళి అని. ఏడాది, నెల, తేదీ ఈ వరుసలో ఉంటే కంప్యూటరు తనంత తానే కాలక్రమంలో పేర్చుతుంది. తెలుగు లిపిలో పేరు పెట్టినా ఇప్పటి కంప్యూటర్లు చక్కగా చదువుతాయి. ఐతే ఒకటి చెప్పక తప్పదు. మన మనుమలలో తెలుగు అక్షరాలు వచ్చినవారు కొందరే. వారికి కూడా దొరకాలంటే ఫోల్డరు పేరును ఇంగ్లీషు అక్షరాలలో పెట్టి, లోపల ఒక చిన్న కాగితం వంటి టెక్స్టు ఫైలులో తెలుగులో వివరంగా రాయడం మేలని మా అభిప్రాయం.

ఆ ఫైలులో ఏమి రాయాలి? ఎడమనుండి కుడికి ఎవరెవరున్నారు, ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఏ పండుగ. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది గాని అసలు పని ఇదే. ఫోటో మిగిలి పేరు పోతే మిగిలినది ఏమిటి? మన ఇళ్ళలో అమ్మోరు పండుగనాటి పాత ఫోటోలు చూపి ఈమె ఎవరని అడిగితే "ఎవరో మన దాయాదులే" అన్న జవాబు వస్తున్నది. చెప్పగల పెద్దమ్మలు, మేనత్తలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కనుక పాత ఫోటోలు ఉన్నవారు ముందు పెద్దలను పక్కన కూర్చోబెట్టుకొని పేర్లు రాసుకోండి. స్కానింగు తరువాతనైనా చేయవచ్చు.

పాత కాగితపు ఫోటోల సంగతి కొంచెం. స్కానరు ఉంటే 600 డీ.పీ.ఐ. వద్ద చేయండి. 4 అంగుళాలకు 6 అంగుళాల ఫోటో ఆ లెక్కన 2,400 కి 3,600 చుక్కలు అవుతుంది, రెట్టింపు కొలతలో అచ్చువేసినా స్పష్టంగా ఉంటుంది. స్కానరు లేనివారు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట ఫోటోను పరచి, ఫ్లాష్ లేకుండా ఫోనుతోనే తీయవచ్చు. జిగురు పుటల ఆల్బమ్‌లకు అంటుకొనిపోయిన ఫోటోలను బలవంతంగా ఊడదీయకండి, పుటతో సహా తీయండి. వెనుక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిలు మంచిది. బాల్ పెన్ను ఒత్తిడి ముందువైపు గీతలా తేలుతుంది.

ఇక నకళ్ళు. కంప్యూటరులో ఎక్కించాము గదా, ఇక నిశ్చింత అనుకోవడం పెద్ద పొరపాటు. కంప్యూటరు కూడా ఒక ఇల్లే, అదీ కూలుతుంది. లోపలి డిస్కు ముందస్తు హెచ్చరిక లేకుండా ఆగిపోవచ్చు. పిడుగుపాటుకు వచ్చే కరెంటు దెబ్బ తగలవచ్చు. దొంగలు ఎత్తుకుపోవచ్చు. ఈ మధ్య మరొక తెగులు బయలుదేరింది. ఏదో మెయిలు తెరవగానే ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, డబ్బు ఇస్తే తీస్తామనే ప్రోగ్రాములు.

ఫోటోగ్రాఫర్లలో పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే సూత్రం ఒకటి ఉన్నది. మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలమీద ఉండాలి. వాటిలో ఒకటి ఇంటి బయట ఉండాలి. మన ఇళ్ళకు దీనిని ఇలా అన్వయించుకోవచ్చు: కంప్యూటరులో ఒకటి, విడిగా కొన్న హార్డ్ డిస్కులో ఒకటి, వేరే ఊళ్ళో ఉన్న అక్కయ్య ఇంట్లోనో లేక ఇంటర్నెట్టు క్లౌడ్‌లోనో ఒకటి. ఒక ఫోటో సగటున 4 మెగాబైట్లు అనుకొంటే, 1 టెరాబైటు డిస్కులో సుమారు రెండున్నర లక్షల ఫోటోలు పడతాయి. వీడియోలు ఎక్కువ తీసేవారికి అంత లెక్క రాదు.

ఆ డిస్కును నకలు తీసిన వెంటనే కంప్యూటరు నుండి ఊడదీసి వేరుగా ఉంచండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే కరెంటు దెబ్బ, తాళాల తెగులు రెండూ దానికీ తగులుతాయి. పెన్ డ్రైవ్‌ను మోసుకుపోవడానికి వాడండి, దాచడానికి వద్దు. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచితే దానిలోని సమాచారం చెడిపోవచ్చు. ఇంట్లో పాత సీడీలు ఉన్నవారు, సీడీ పెట్టే చోటున్న కంప్యూటరు దొరికినప్పుడే వాటిని డిస్కులోకి మార్చుకోవడం మంచిది.

మూడవ ప్రతిని ఇంటి బయట పెట్టమనడం అతిజాగ్రత్త అని కొందరు అంటారు. 2013 మార్చి 30న పోర్ట్ లూయీలో కొద్ది గంటల వానకు వచ్చిన వరదలో 11 మంది ప్రాణాలు పోయాయి. 2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చినప్పుడు అదే నగరం వీధులలో కార్లు నీళ్ళలో తేలాయి. కాంక్రీటు ఇల్లు గాలికి నిలుస్తుంది, నిజమే. బల్ల కింద పెట్టిన కంప్యూటరు నీటికి నిలవదు. ఒకటవ తరగతి తుఫాను హెచ్చరిక వినగానే కొవ్వొత్తులు, బియ్యం, నీళ్ళతోపాటు ఆ డిస్కును కూడా రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇంటి కాగితాలు ఉన్న చోట, ఎత్తుగా పెట్టండి. కంప్యూటరు ప్లగ్గును గోడనుండి పూర్తిగా తీసివేయండి.

క్లౌడ్ విషయంలో ఒక తేడా తెలుసుకోవాలి. ఫోనులోని ఫోటోలు గూగుల్ ఫోటోస్‌లోకి తమంత తామే పోతున్నాయి కాబట్టి అది భద్రమైన నకలు అని చాలామంది నమ్మకం. కాని అది జంటగా నడిచే ఏర్పాటు. ఆ యాప్‌లో ఒక ఫోటోను చెరిపితే మామూలుగా ఫోనులోనూ క్లౌడ్‌లోనూ రెండు చోట్లా పోతుంది, కొంతకాలం చెత్తబుట్టలో ఉండి శాశ్వతంగా మాయమవుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఫోను పట్టుకొంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పైగా ఉచితంగా ఎంతైనా పెట్టుకొనే వెసులుబాటు 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు మెయిలుతో కలిపి 15 గిగాబైట్లు, అనగా మన లెక్కన నాలుగు వేల ఫోటోలకు లోపే. ఐక్లౌడ్‌లో ఉచితం 5 గిగాబైట్లే. క్లౌడ్‌ను మూడవ ప్రతిగా వాడుకోండి, ఏకైక ప్రతిగా వద్దు.

ఏడాదికి ఒకసారి, ఉగాది వారంలో అనుకోండి, ఆ విడి డిస్కును తగిలించి నాలుగైదు ఫోల్డర్లు తెరచి చూడండి. తెరచి చూడని నకలును నకలుగా లెక్కపెట్టరాదు. డిస్కులు కూడా ముసలివవుతాయి. అయిదేళ్ళు దాటినదాన్ని నమ్ముకోక కొత్తది కొని అందులోకి ఎక్కించండి. విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు మామూలుగా 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అది నడుస్తున్న పాత కంప్యూటరులో ఒకే ప్రతి ఉన్నవారు ఈ పనిని ముందుగా పెట్టుకోవాలి.

చివరిగా తాళంచెవి మాట. ఫోటోలన్నీ ఒకరి పేరుమీది అకౌంటులో ఉండి, ఆ రహస్యపదం ఇంకెవరికీ తెలియకపోతే, వారు వెళ్ళిపోయిన నాడు కుటుంబానికి ఆ బీరువా తెరుచుకోదు. రెండేళ్ళపాటు ఎవరూ వాడని అకౌంట్లను గూగుల్ 2023 డిసెంబరు నుండి తొలగించవచ్చునని నిబంధన పెట్టుకొన్నది. దాని అమరికలలోనే "ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని ఒకటి ఉన్నది. మనం కొన్ని నెలలు కనిపించకపోతే ఎవరికి తెలపాలో, ఏమి అప్పగించాలో అందులో ముందే రాసి పెట్టవచ్చు. కంప్యూటరు రహస్యపదాన్ని ఒక కాగితంమీద రాసి, కవరులో పెట్టి, ఇంటి దస్తావేజులతోపాటు ఉంచి, అది ఎక్కడున్నదో ఇంట్లో ఇద్దరికి చెప్పండి.