సైకిలు ప్రయాణములో తలకును, ముఖమునకును రక్షణ

మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. ఆ పలకను నడుమెత్తు నుండి బండమీద విడిచినచో పగిలిపోవును. అంతే ఎత్తు నుండి గడ్డికుప్పపై విడిచినచో పగులదు. రెండు సందర్భములందును పలక బరువు ఒక్కటే, పడిన వేగమును ఒక్కటే. భేదమంతయు అది ఆగిన తీరులో నున్నది. బండమీద వెంట్రుకవాసి దూరములో ఆగవలసి వచ్చినది. గడ్డిలో కొంత లోనికి దిగి మెల్లగా ఆగినది. సైకిలు తొక్కువాని తలకు హెల్మెట్టు చేయు ఉపకారము ఇదియే.

దీనిని లెక్కవేసి చూడవచ్చును. సైకిలుపై కూర్చున్నవాని తల నేలకు సుమారు 1.5 మీటర్ల ఎత్తున ఉండును. నిలిచియున్న సైకిలు మీద నుండి పడినను తల నేలను తాకు వేగము సెకనుకు 5.4 మీటర్లు, అనగా గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. పడిన ఎత్తును ఆగిన దూరముచే భాగించినచో, సగటు ఋణ త్వరణము గురుత్వ త్వరణమునకు ఎన్ని రెట్లో తెలియును. తల 5 మిల్లీమీటర్లలో ఆగినదనుకొన్నచో అది 300 రెట్లు. మధ్య నున్న మెత్త నలిగి 20 మిల్లీమీటర్లలో ఆగినచో 75 రెట్లు మాత్రమే. పుర్రెను, లోపలి మెదడును కాపాడునది ఈ 15 మిల్లీమీటర్ల తేడాయే.

హెల్మెట్టు లోపలి భాగము థర్మోకోలు జాతి పదార్థము. అందలి సన్నని గాలి గదులు నలిగి దెబ్బ యొక్క శక్తిని మ్రింగివేయును. ఒకసారి నలిగిన గదులు మరల పూర్వరూపము పొందవు. కావున గట్టిదెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగుగా కనిపించినను దానిని మార్చవలెను.

1935లో టి. ఇ. లారెన్సు అను ఆంగ్లేయుడు మోటారు సైకిలు ప్రమాదములో తలకు దెబ్బ తగిలి మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో ఒకడైన హ్యూ కెయిర్న్సు ఇట్టి గాయములను పరిశీలించి, హెల్మెట్ల ప్రయోజనమును 1941లో ప్రకటించెను. థర్మోకోలు వంటి మెత్తగల సైకిలు హెల్మెట్లు 1975లో అమెరికాలో వెలువడినవి. 2003లో ఫ్రాన్సులో ఒక పందెమున ఆంద్రే కివిలెవ్ పడి మరణించిన పిదప, అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య పోటీదారులకు హెల్మెట్టును తప్పనిసరి చేసెను.

ముఖము సంగతి వేరు. హెల్మెట్టు అంచు నుదుటికి ముందుకు వచ్చియుండుటచే బోర్లపడినప్పుడు నుదురు, కన్నులు, ముక్కు కొంతవరకు రక్షింపబడును. గడ్డము, పండ్లు, క్రింది దవడ రక్షింపబడవు. అనేక దేశముల పరిశోధనలను క్రోడీకరించి 2016లో ప్రకటించిన సమీక్షలో, హెల్మెట్టు ధరించిన వారికి తలకు తీవ్రగాయములు 69 శాతము, ముఖ గాయములు 33 శాతము తక్కువగా కనబడినవి. ముఖమంతయు కప్పు హెల్మెట్లు కొండలపై దూకుడు పందెములవారికి ఉపయోగించును. కాని మండుటెండలో కంభము, బేస్తవారిపేట రోడ్లపై కాళ్ళతో తొక్కువానికి బరువైన, గాలి ఆడని హెల్మెట్టు భరింపరానిది. వానికి గాలిరంధ్రములు గల తేలిక రకమే తగినది.

కావున క్రింది ముఖమునకు మొదటి రక్షణ బ్రేకును సరిగా వాడుటయే. గిద్దలూరు నుండి దిగువమెట్ట మీదుగా నల్లమలలో నంద్యాలకు పోవు దారి వంటి కొండదారులలో, వాలునందు ముందు బ్రేకును మాత్రమే గట్టిగా పట్టినచో ముందు చక్రము ఆగును. శరీరము జడత్వముచే ముందుకు పోయి హ్యాండిలు మీదుగా బోర్లపడును. మలుపు రాకముందే రెండు బ్రేకులను మెల్లగా పట్టి, శరీరమును వెనుకకు జరుపవలెను. ధూళికి, పురుగులకు పగులని అద్దములు గల కళ్ళజోడు మేలు. శాశ్వత దంతము ఊడిపడినచో వేరును తాకక, పాలలో ఉంచి వెంటనే దంతవైద్యుని వద్దకు కొనిపోవలెను. గంటలోపల తిరిగి అమర్చిన దంతము నిలుచుటకు అవకాశమెక్కువ.

హెల్మెట్టుకును మితి కలదు. ఐరోపా పరీక్షలో దానిని సుమారు 1.5 మీటర్ల ఎత్తు నుండియే సమతలముపై పడవేయుదురు. లారీ ఢీకొన్నచో అది చాలదు. అయినను బడిపిల్లలు ఎక్కువగా పడునది తమంతట తామే. అక్కడ అది ఎంతో ఉపకరించును.

1988 మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను మోటారు సైకిలువారికే హెల్మెట్టును విధించినది. సైకిలువారి విషయమున నిర్ణయము ఇంటికిని, బడికిని మిగిలినది. ఉపాధ్యాయులు మూడు సంగతులు చూడవచ్చును: హెల్మెట్టు కనుబొమలకు రెండు వ్రేళ్ళ ఎత్తున సమముగా నున్నదా? పట్టీలు చెవుల క్రింద కలిసినవా? గడ్డము క్రింద పట్టీలో ఒకటి రెండు వ్రేళ్ళకే చోటున్నదా? పట్టీ బిగింపని హెల్మెట్టు నేలను తాకుటకు ముందే తలను విడిచిపోవును.