ఆరుగురికే తెరుచుకున్న తలుపు

2013 అక్టోబరు 1వ తేదీ. అమెరికాలో ఆరోగ్య బీమా లేని లక్షలాది కుటుంబాలు ఎంతో కాలంగా ఎదురుచూస్తున్న రోజు. 2010 మార్చిలో అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేసిన ఆరోగ్య చట్టం ఆనాడు ఒక వెబ్‌సైటు రూపంలో ప్రజల ముంగిటికి వచ్చినది. దాని పేరు హెల్త్‌కేర్ డాట్ గవ్. ముప్ఫై ఆరు రాష్ట్రాల పౌరులు ఇంట్లో కూర్చొని, తమ ఆదాయానికి ప్రభుత్వ సహాయం ఎంత లభిస్తుందో తెలుసుకొని, తగిన బీమా పథకాన్ని ఎన్నుకోవడానికి ఏర్పరచిన ద్వారమది. పాత జబ్బు ఉన్నదన్న సాకుతో బీమా కంపెనీలు అంతవరకు తిప్పిపంపిన రోగులకు ఆ ద్వారం తెరుచుకోవడం జీవన్మరణ సమస్య.

మొదటి 24 గంటలలో సుమారు 47 లక్షల మంది ఆ తలుపు తట్టారు. మొదటి రోజు ముగిసేసరికి నమోదు పూర్తి చేసుకోగలిగినవారు ఆరుగురు!

మిగిలినవారికి కనిపించినది ఖాళీ తెర. కొందరికి కాసేపు ఆగి మళ్ళీ రమ్మన్న సందేశం ఎదురైనది. కొందరు పేరు, పుట్టిన తేదీ, ఆదాయ వివరాలు అన్నీ నింపిన తరువాత పుట మాయమై మొదటికి వచ్చారు.

జనం ఊహించినదానికన్న ఎక్కువగా రావడమే కారణమని అధికారులు మొదట సెలవిచ్చారు. అందులో కొంత సత్యం లేకపోలేదు. సుమారు 50, 60 వేల మంది ఒకేసారి వస్తారని అంచనా వేయగా, ఒక దశలో రెండున్నర లక్షల మంది వచ్చిపడ్డారు. కాని రోజులు గడిచి జనం పలచబడినా తలుపు సరిగా తెరుచుకోలేదు. అసలు కారణం వేరే ఉన్నదని, అది కొందరికి ముందే తెలుసునని క్రమంగా బయటపడినది.

విడివిడిగా అన్నీ సిద్ధమే

పెళ్ళివారింట పందిరి వేసినవాడు తన పని అయినదంటాడు. వంటవాడు తన పని అయినదంటాడు. మేళగాళ్ళు వచ్చారు, పురోహితుడు వచ్చాడు. ఎవరిని అడిగినా లోటు లేదు. తీరా ముహూర్తం వేళకు చూస్తే వంటశాల నుంచి పందిటికి దారి లేదు! హెల్త్‌కేర్ డాట్ గవ్ గతి దాదాపు ఇదే. దాని నిర్మాణానికి ప్రభుత్వం ఇచ్చిన కాంట్రాక్టులు అరవై. ఒకరు దరఖాస్తు పుటలు తయారుచేశారు. మరొకరు ఖాతా తెరిచే విభాగం నిర్మించారు. పన్నుల శాఖ మొదలైన కార్యాలయాల రికార్డులతో సరిపోల్చే వ్యవస్థను కూడా వారే సిద్ధం చేశారు. ఎవరి భాగాన్ని వారు పరీక్షించుకున్నారు. ఒక సామాన్య పౌరుడు మొదటి పుటలో ప్రవేశించి చివరి పుటలో బీమాతో బయటపడే వరకు సాగే యావత్తు ప్రయాణాన్ని పరీక్షించడం మాత్రం ప్రారంభానికి రెండు వారాల ముందు గాని మొదలు కాలేదు. అటువంటి పరీక్షకు నెలల వ్యవధి ఉండవలసినదని ముఖ్య కాంట్రాక్టరు ప్రతినిధి అక్టోబరు 24న ప్రతినిధుల సభా సంఘం ఎదుట అంగీకరించినది.

ప్రారంభానికి కొద్ది రోజుల ముందు జరిపిన మరొక పరీక్షలో కొన్ని వందల మంది ఒకేసారి వచ్చినట్లు కల్పించి చూడగా, వ్యవస్థ అక్కడికక్కడే స్తంభించినది. లక్షల మందిని మోయవలసిన వంతెన వందల మంది బరువుకే కుంగినదన్నమాట. అయినా ముహూర్తం మారలేదు. దోషాన్ని పరీక్ష కనిపెట్టలేదన్న నింద ఇక్కడ చెల్లదు. పరీక్ష తన ధర్మం తాను నెరవేర్చినది. దాని మాట వినే వ్యవధి గాని, వినిపించుకొనే మనస్సు గాని అక్కడ లేకపోయినది.

అలుపెరుగని పరీక్షకుడు

వెబ్‌సైటు పరీక్ష అంటే ఏమిటి? వాడుకరి చేసే ప్రతి పనినీ ముందుగానే చేసి చూడటం. పేరు రాయవలసిన చోట అంకెలు రాస్తే ఏమవుతుంది? ఒకే మీటను రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు పోతుందా? మనిషి ఈ పనిని ఒకసారి శ్రద్ధగా, రెండవసారి ఓపికగా చేస్తాడు. వందవసారి అతని కన్ను మోసపోతుంది. ప్రోగ్రాములో ఒక పంక్తి మార్చినప్పుడల్లా, నిన్నటివరకు పనిచేసినవన్నీ నేడు కూడా పనిచేస్తున్నవో లేదో మళ్ళీ మొదటి నుంచి చూడవలసినదే. ఒకచోట మాటు వేస్తే మరొకచోట చిరుగు పడటం ఈ వృత్తిలో నిత్యానుభవం.

ఈ చాకిరీని యంత్రానికి అప్పగించే ఆలోచన నుంచి అనేక సాధనాలు పుట్టినవి. వాటిలో ప్రసిద్ధమైనది సెలీనియం. 2004లో షికాగో నగరంలో, థాట్‌వర్క్స్ సంస్థలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్ అనే ఇంజనీరు, ఉద్యోగుల పనిగంటలు, ఖర్చులు నమోదు చేసే ఒక వెబ్ ప్రోగ్రామును పరీక్షించడానికి దానిని రూపొందించాడు. ఆ పేరు వెనుక ఒక పరిహాసం ఉన్నది. ఆనాడు పరీక్షా సాధనాల విపణిని ఏలుతున్న కంపెనీ పేరు మెర్క్యురీ, అనగా పాదరసం. పాదరసపు విషానికి సెలీనియం విరుగుడట! సెలీనియాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. నేడు హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ సంస్థల బోర్డులపై ఆ పేరు చదివే యువకులకు అది మూలకమన్న సంగతికన్న, ఉద్యోగానికి తొలి మెట్టు అన్న సంగతే ముందుగా స్ఫురిస్తుంది.

ఇటువంటి సాధనం కంప్యూటరులో అదృశ్య హస్తం వలె పనిచేస్తుంది. తానే బ్రౌజరును తెరుస్తుంది, అక్షరాలు నింపుతుంది, మీటలు నొక్కుతుంది, రావలసిన జవాబు వచ్చినదా అని సరిచూస్తుంది. రాత్రి ఇంజనీర్లు నిద్రిస్తుండగా వేలాది పరీక్షలు ముగించి, ఎక్కడ తప్పినదో ఉదయానికి పట్టిక చేతికిస్తుంది. మరొక జాతి సాధనాలు వేలాది కల్పిత వాడుకరులను ఒక్కసారిగా వెబ్‌సైటు మీదికి తోలి, అది ఎంత బరువు మోయగలదో తేల్చి చెబుతాయి.

యంత్రం అడగలేని ప్రశ్న

అయితే యంత్రం తనకు నేర్పిన ప్రశ్ననే అడుగుతుంది. హెల్త్‌కేర్ డాట్ గవ్ నుంచి బీమా కంపెనీలకు చేరిన కాగితాలలో కొన్నిటిలో భార్యాభర్తలు బిడ్డలుగా నమోదైనారు. పుట తెరుచుకున్నది, మీట పనిచేసినది, సమాచారం గమ్యం చేరినది. ఈ మూడు ప్రశ్నలే అడిగే పరీక్ష ఆ దరఖాస్తుకు ఉత్తీర్ణత ప్రసాదించి ఉండేది. భార్య భార్యగానే చేరినదా అన్న నాలుగవ ప్రశ్న మనిషికి తోచవలసినదే.

అంధులు వెబ్‌సైటు పుటలను తెర చదివే ప్రోగ్రాముల సహాయంతో వింటారు. ప్రతి చిత్రానికి వివరణ ఉన్నదో లేదో యంత్రం క్షణంలో చెప్పగలదు. ఆ వివరణ స్థానంలో ‘చిత్రం 12’ అని రాసి ఉంటే యంత్రం సంతృప్తి పడుతుంది. వినే మనిషికి మాత్రం ఏమీ తెలియదు. యంత్రానికి పట్టుబడే లోపాలే తక్కువేమీ కావు. అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పుటలను యంత్రసహాయంతో పరిశీలించగా, దాదాపు 96 శాతం పుటలలో వికలాంగులకు అడ్డు వచ్చే దోషాలు బయటపడినవి.

డచ్చి దేశపు కంప్యూటరు శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ పరిమితిని 1969లోనే గుర్తించాడు. పరీక్ష దోషం ఉన్నదని చూపగలదు గాని, దోషం లేదని ఎన్నటికీ నిరూపించలేదని ఆయన సిద్ధాంతం.

నాడి పట్టిన వైద్యులు

అక్టోబరు చివరలో వెబ్‌సైటును రక్షించే భారం జెఫ్ జయెంట్స్ అనే పాలనా నిపుణుడి మీద పడినది. గూగుల్ సంస్థ ఇంజనీరు మైకీ డికర్సన్ మొదలైనవారు ఆయనకు తోడైనారు. వ్యవస్థ ఏ క్షణంలో ఎలా ఉన్నదో చూపే పట్టిక కూడా అక్కడ లేదని వారు గ్రహించారు. రోగి నాడి చూడకుండానే మందులు మార్చుతున్నారన్నమాట! వారు మొదట నాడి పట్టే సాధనం అమర్చారు. తరువాత ఉదయం ఒకటి, సాయంకాలం ఒకటి చొప్పున ప్రతిదినం సమావేశాలు జరిపారు. అక్కడ డికర్సన్ పెట్టిన నియమాలు సరళమైనవి: ఈ గది సమస్యలు పరిష్కరించడానికే గాని నిందలు మోపడానికి కాదు, మాట్లాడవలసినది సమస్యను బాగా ఎరిగినవాడే గాని పెద్ద హోదా గలవాడు కాదు. ప్రారంభానికి ముందు ఆ నియమాలే అమలులో ఉండి ఉంటే, కొన్ని వందల మంది పరీక్షలో స్తంభించిన వ్యవస్థ వార్త అంత సులభంగా అణగిపోయేది కాదేమో.

డిసెంబరు 1 నాటికి నాలుగు వందలకు పైగా సవరణలు జరిగినవి. ఎనిమిది సెకండ్లకు గాని తెరుచుకోని పుట ఒక సెకండులోపే తెరుచుకోసాగినది. నూటికి ఆరు వంతున ఎదురైన దోషాలు ఒకటికి లోపుగా తగ్గినవి. ఒకేసారి 50 వేల మందిని మోయగల శక్తి ఆ వ్యవస్థకు చేకూరినది.

2014 ఏప్రిల్ మధ్య నాటికి, రాష్ట్రాలు స్వయంగా నడిపిన వెబ్‌సైట్లతో కలుపుకొని, బీమా పథకం ఎంచుకొన్నవారి సంఖ్య 80 లక్షలకు చేరినది. చేతులు కాలిన తరువాత పట్టుకున్న ఆకులే అయినా, ఆ ఆకులు పనిచేసినవి. కాని అక్టోబరులో పదే పదే ప్రయత్నించి విసిగినవారిలో ఎందరు మళ్ళీ రాలేదో ఏ పట్టికలోనూ కనబడదు. రేషను కార్డు నుంచి రైలు టిక్కెట్టు వరకు ప్రతిదానికీ వెబ్‌సైటే గుమ్మమైన ఈ రోజులలో, ఆ గుమ్మం కట్టేవారు తలుపు తెరిచే ముందు తామే ఒకసారి బయట నిలబడి, లోపలికి రాగలమో లేదో చూసుకోవడం ధర్మం.